గంగవాయిలి తెంపిన చోటు

మా అక్క ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, రెండుసార్లు నమిలి, పళ్లెం నా వైపు తోసేసింది. సూరత్ శివారు డిండోలిలో వాళ్లింటి రెండో అంతస్తు గదిలో, చాప మీద ఆ పళ్లెం జానెడు దూరం జరిగి నా మోకాలి దగ్గర ఆగింది. అందులో నేను గ్రీసు నుంచి నేర్చుకొచ్చిన వంటకం ఉంది. పచ్చి గంగవాయిలి ఆకు, టమాట, కీర దోసకాయ, ఉల్లిపాయ, పైన గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు. దాని మీద పోసిన ఆలివ్ నూనెను క్రీట్ ద్వీపంలో కొని, చొక్కాల మధ్య చుట్టి, సీసా పగలకుండా సూరత్ దాకా మోసుకొచ్చాను. ఆకు ఏరి, కడిగి, తుడిచి, కలపడానికి గంట పైనే పట్టింది. తినడానికి మా అక్కకు అర నిమిషం పట్టలేదు.

"గిది మాపటి ఆకు," అంది. "జర్రంత పులుపు లేదు. ఎప్పుడు తెచ్చినవ్?"

"నిన్న సాయంత్రం బండి మీద కొన్న."

"అగో, సూసినవా! అవ్వ ఎన్నడన్న మాపటికి తెంపిందారా? పొద్దు పొడవక ముందు తెంపితెనే దాంట్ల పులుపు ఉంటది. ఎండ వడితె సప్పగైతది. గింత సదువుకున్నవ్, గంత దూరం విమానమెక్కి పోయినవ్, గది తెల్వదా?"

అక్క కోడలు సరోజ వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంటోంది. "మామయ్యా, యే తో లూణీ హై. ఇక్కడ గుజరాతీ వాళ్లు పకోడీ చేస్తరు దీంతోటి. పచ్చిది ఎవరు తింటరు?" అంది. సరోజ సూరత్‌లోనే పుట్టింది. ఒక మాట తెలుగులో మొదలుపెడితే హిందీలో మలుపు తిరిగి, గుజరాతీలో ఆగుతుంది.

నేను ఆ పళ్లెం మోసుకొచ్చింది అక్క మెచ్చుకోవాలని కాదు. ఒక ప్రశ్న అడగాలని. ఏథెన్స్ నుంచి తిరిగి వచ్చే విమానంలో తయారు చేసుకున్న ప్రశ్న. ఇక దాచి లాభం లేదని అడిగేశాను.

"అక్కా, అవ్వ గంగవాయిలి ఎక్కడ తెంపుకొచ్చేదో నీకు తెలుసా?"

అక్క కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. "గదడగనీకి గింత నాటకం జేసినవా? గడ్డి గోసి, నూనె వోసి? పేపరోడివి. ఊరు ఊరంతా తిరిగి అడిగినవ్ గదా అప్పుడు. ఇంట్ల ఉన్న అవ్వను అడగకపోతివి. ఇప్పుడు నన్నడుగుతవ్."

అవ్వ అంటే మా అమ్మ. ఉత్తర తెలంగాణలో మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం. పేరు రాజవ్వ. కానీ సూరత్‌లో మేం పెరిగిన ఖటోదరా గల్లీలో ఆ పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరికీ ఆమె 'కూరవ్వ'. ఆ పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెబితే తప్ప అక్క పళ్లెం ఎందుకు తోసేసిందో అర్థం కాదు. దానికంటే ముందు గ్రీసు సంగతి చెప్పాలి. అక్కడి నుంచే ఈ ముల్లు మళ్లీ గుచ్చుకోవడం మొదలైంది.

గ్రీసు ప్రయాణం అనుకోకుండా జరిగింది. మా సొసైటీ కింది అంతస్తులో ఉండే హస్ముఖ్‌భాయ్ చీరల వ్యాపారం కొడుకులకు అప్పగించి దేశాలు తిరుగుతున్నాడు. ఈసారి భార్యకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. హోటల్ గదిలో తోడు కావాలి, ఇంగ్లీషు వచ్చినవాడైతే ఇంకా మేలు అని నా దగ్గరికి వచ్చాడు. నేను ఒప్పుకోవడానికి కారణం తిండి. హిందీ దినపత్రికలో విలేకరిగా ఉన్నన్నాళ్లూ ఆదివారం పేజీకి విదేశాల కబుర్లు తర్జుమా చేయడం నా వంతు. సముద్రం ఒడ్డున బల్లలు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, తేనె పోసిన పెరుగు, కొండల్లో ఏరిన ఆకుకూరలు. ఎవరో తిన్నవాటిని నేను చాయ్ తాగుతూ హిందీలోకి మార్చేవాణ్ణి. ఒక్కసారైనా నా నోటితో తినాలన్న కోరిక అప్పటిది. ఒక చిన్న పుస్తకంలో పేర్లు రాసుకుని బయలుదేరాను.

సూరత్ నుంచి బయలుదేరే యాత్రా బృందాల పద్ధతి తెలిసి కూడా మరిచిపోయాను. వాళ్లతో పాటు వంటవాడు వస్తాడు. మహారాజ్ అంటారు. ప్రెషర్ కుక్కర్లు, ఇంగువ డబ్బా, బెల్లం, కందిపప్పు, అన్నీ పెట్టెల్లో సముద్రాలు దాటతాయి. ఏథెన్స్‌లో మొదటి మధ్యాహ్నం, వీధిలో కాలుతున్న మాంసం వాసన, నిమ్మకాయ వాసన, ఏదో ఎండిన ఆకు నలిపిన వాసన కలిసి ముక్కుకు తగులుతుంటే, మమ్మల్నందరినీ హోటల్ కింది గదిలోకి తోలుకుపోయి ఖిచిడీ, మజ్జిగ పులుసు లాంటి కఢీ, బంగాళాదుంప కూర వడ్డించారు. కఢీ తీయగా ఉంది, సూరత్‌లో ఉన్నట్టే. నా పక్కనున్నావిడ రెండోసారి పోయించుకుంటూ, "ఇల్లు గుర్తొచ్చింది" అంది. ఇల్లు వదిలి ఒక్క రోజైంది. నాకు పళ్లెం ఎత్తి గోడకు కొట్టాలనిపించింది.

"మీ ముఖం అట్లా ఉందేం?" అన్నాడు హస్ముఖ్‌భాయ్. "వంట మనది, హవా వాళ్లది. ఇంకేం కావాలి?"

అయిదు రోజులు గడిచాయి. రాతి స్తంభాలు చూశాం, పడవ ఎక్కాం, ఫొటోలు దిగాం. పొద్దున్న హోటల్‌వాళ్లు పెట్టే పెరుగు ఒక్కటే నాకు దక్కిన గ్రీకు తిండి. అది చెంచా నిలబెడితే నిలబడే పెరుగు. శ్రీఖండ్‌లో చక్కెర వేయడం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాన్నే రోజూ మూడు గిన్నెలు తినేవాణ్ణి. హస్ముఖ్‌భాయ్ గదిలో పడుకుంటూ మహారాజ్ మర్నాడు ఏం చేస్తాడో ఊహించేవాడు. నేను నా పుస్తకంలో కొట్టివేయని పేర్లు చూసుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్లకు పైగా వార్తల కోసం తలుపులు తోసుకుని పోయినవాణ్ణి, ఒక భోజనం కోసం బస్సు దిగలేకపోతున్నానని నా మీద నాకే చిరాకు వేసేది.

ఆరో రోజు క్రీట్‌లో ఒక కొండ మీది పల్లెలో బస్సు రెండు గంటలు ఆగింది. మహారాజ్ చెట్టు నీడలో పొయ్యి వెలిగించి పూరీలు మొదలుపెట్టాడు. నేను చెప్పకుండా పైకి నడిచాను. వెనకాల చెప్పుల చప్పుడు. హస్ముఖ్‌భాయ్. జేబులో థేప్లాలనే మెంతి రొట్టెల పొట్లం ఉంది. "మీరు తప్పిపోతే నాకు గది తోడు ఎవరు?" అన్నాడు.

నాలుగు బల్లలున్న పూటకూళ్ల ఇల్లు. నడిపే ఆమె పేరు ఎలెని, అరవై దాటి ఉంటాయి, నడుముకు గళ్ల గుడ్డ కట్టుకుంది. ఏమున్నాయో రాసిన కాగితం అడిగితే తల అడ్డంగా ఊపి, మా ఇద్దరినీ వంటింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి మీద వరసగా ఉన్న గిన్నెల మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. అక్కడి పాత పద్ధతి అదేనట, వచ్చినవాడు గిన్నెలోకి చూసి చెప్పాలి. నాకు ఆ మూతలు ఎత్తడం నచ్చింది. వంటింట్లోకి పరాయివాణ్ణి రానిచ్చి, ఏముందో కళ్లతో చూసుకో అనడంలో ఒక ధీమా ఉంది.

అన్నీ కొంచెం కొంచెం పెట్టమన్నాను. ముందు బార్లీ రొట్టె వచ్చింది, రెండుసార్లు కాల్చి ఎండబెట్టింది, పలక లాగా గట్టిగా ఉంది. దాన్ని నీళ్లలో ముంచి తీసి, మీద తురిమిన టమాట, పులిసిన జున్ను ముక్కలు, నూనె వేసింది. మా ఇంట్లో ఆరిపోయిన జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టుకుని తినేవాళ్లం. పేదవాళ్లు గట్టిపడ్డ రొట్టెను పారేయరు, ఎక్కడైనా ఒకటే తెలివి. తరవాత పసుపుపచ్చ పప్పు ముద్ద. హస్ముఖ్‌భాయ్ థేప్లా ముక్కతో దాన్ని అద్దుకుని, "ఇది మన దాలే. పోపు పెట్టడం మరిచిపోయారు," అన్నాడు గట్టిగా. ఆ మాట తప్పు కాదు. అక్కడ పోపు లేదు, మిరపకాయ లేదు, ఏదీ పొగలు కక్కుతూ రాదు, అన్నీ గోరువెచ్చగా వస్తాయి. నూనెను కాచరు, పచ్చిది పోస్తారు, చెయ్యి ఆపకుండా పోస్తారు. శనగలు, పెద్ద చిక్కుడు గింజలు, ద్రాక్షాకు చుట్టలు తింటూ ప్రతి ముద్దకీ నా నాలుక ఇంకేదో రావాలని ఎదురుచూసింది. అది రాలేదు. ఇన్నేళ్లు అచ్చులో ఊరించిన తిండి ఇదేనా అని నీరసం వచ్చింది.

అప్పుడు ఎలెని చిన్న పళ్లెం ఒకటి తెచ్చి పెట్టింది. బొద్దు ఆకులు, ఎర్రటి లేత కాడలు, పైన పెరుగు. ఒక కాడ నోట్లో వేసుకున్నాను. పుల్లగా, జిగటగా, పళ్ల కింద కరకరమంది. నాకు ఆరేడేళ్లప్పుడు ఖటోదరాలో మా ఒంటిగది ఖోలీలో పడుకుని ఉంటే, తెల్లారగట్ల బయటి నుంచి వచ్చిన చల్లటి వేళ్లు నా నాలుక మీద పెట్టిన రుచి. నేను పళ్లెం అంతా తినేశాను. హస్ముఖ్‌భాయ్ నన్నే చూస్తున్నాడు. "ఘాస్ ఖావా ఆవ్యా ఛో?" అన్నాడు. గడ్డి తినడానికి ఇంత దూరం వచ్చావా అని.

ఎలెనిని అడిగాను, ఎక్కడ తెంపావని. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కొంచెమే, అయినా జవాబు స్పష్టంగా ఇచ్చింది.

"అది మొలిచే చోట."

నవ్వుతూ అంది. బుధ, శుక్రవారాలు ఉపవాసం రోజులట, ఆ రోజుల్లో ఇవే తింటారట. వాళ్లమ్మ చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో మిగతా వారమంతా కూడా ఇవే, వేరే ఏమీ లేక. ఏ ఆకు ఎక్కడ మొలుస్తుందో ఇంటి ఆడవాళ్లు బయట చెప్పరు. వాళ్లమ్మ చనిపోయే ముందు ఏడాది తనకు చూపించిందట. కూతురికి తానింకా చూపించలేదు. నేను మూడు రకాలుగా అడిగాను, కొండ వైపా, చెరువు వైపా, నడిస్తే ఎంతసేపు అని. వృత్తి అలవాటు. ఆమె ఇంకో రొట్టె పెట్టి, మూడుసార్లూ అదే మాట అంది.

అవ్వ మాట కూడా అదే. మా గల్లీలో ఆడవాళ్లు "ఏడ తెంపినవ్ కూరవ్వా?" అని అడిగితే, చేటలో ఆకు దులుపుతూ, తల ఎత్తకుండా, "మొలిసిన కాడ" అనేది.

మా ఖోలీ సాంచెల కార్ఖానా వెనక ఉండేది. సాంచెలంటే పవర్‌లూములు. గోడకు అటు వైపు అవి నడుస్తుంటే ఇటు వైపు గూట్లో గ్లాసులు వణికేవి. కార్ఖానాకు సెలవైన రోజు ఆ చప్పుడు ఆగితే మాకు నిద్ర పట్టేది కాదు. గదిలో గంజి వాసన, మిషన్ ఆయిల్ వాసన, కిరసనాయిలు స్టవ్ వాసన ఎప్పుడూ ఉండేవి. మా నాయినది రాత్రి పాలీ, అంటే రాత్రి షిఫ్టు, పొద్దున ఏడు గంటలకు వచ్చేవాడు, చెవుల్లో దూది ఇంకా అలాగే ఉండేది, మేం ఏం చెప్పినా గట్టిగా "ఏందీ?" అనేవాడు. ఆయన వచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతుండాలి. అవ్వ ఐదింటికి లేచి, మగ్గంలోంచి దించిన కోరా గుడ్డతో కుట్టిన సంచి భుజానికి వేసుకుని పోయేది. వానలు మొదలైనప్పటి నుంచి చలి ముదిరేదాకా రోజూ పోయేది. తిరిగొచ్చేసరికి సంచి అడుగు తడిసి ఉండేది. నన్ను లేపడానికి పిలిచేది కాదు. ఒక కాడ తుంచి నా నాలుక మీద పెట్టేది. ఆ పులుపుకు కళ్లు వాటంతటవే తెరుచుకునేవి.

ఆకు నేల మీద పోసి, అక్క గడ్డి పోచలు ఏరేది. మూడు నీళ్లు పోసి కడిగేవాళ్లు. నాయిన వచ్చేలోగా గల్లీ ఆడవాళ్లు వచ్చేవాళ్లు, ఒక్కొక్కరికి రెండు పిడికిళ్లు. మా ఊళ్ల వైపు నుంచి వచ్చినవాళ్లే అందరూ. సూరత్ బజారులో అప్పుడు మాకు తెలిసిన ఆకుకూర దొరికేది కాదు, దొరికినా దాని పేరు మాకు తెలియదు. కందిపప్పులో గంగవాయిలి వేసి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయ పోపు పెడితే గల్లీ గల్లీ ఒకే వాసన వచ్చేది. ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి మగడు తాగి పాలీ ఎగ్గొట్టాడో, అన్నీ ఆ చేట చుట్టూ తెలిసేవి. అవ్వకు చదువు లేదు, సాంచె నడపడం రాదు, కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పని దొరికితే చేసేది, లేకపోతే లేదు. కానీ పొద్దున్న ఆరున్నర నుంచి ఏడు దాకా ఆ గల్లీలో అందరికీ కావలసిన మనిషి ఆమె. అందుకే కూరవ్వ.

నేను మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో చదివి, హిందీ నేర్చుకుని, పడుతూ లేస్తూ డిగ్రీ చేసి, ఒక హిందీ దినపత్రికలో చేరాను. చేరిన రెండో ఏడు పాండేసరలో అద్దకం మిల్లుల వెనక తిరుగుతుంటే, ఒక కాలువ గట్టున ఇద్దరు ఆడవాళ్లు గంగవాయిలి తెంపుతూ కనబడ్డారు. కాలువలో నీళ్లు ఆ రోజు గులాబీ రంగులో ఉన్నాయి. మరో రోజు పోతే నీలంగా ఉన్నాయి. ఏ మిల్లు నీళ్లో ఎవరూ చెప్పలేదు. ఆ ఇద్దరితో మాట్లాడాను, వాళ్లు కొన్నవాళ్లతో మాట్లాడాను, ఒక డాక్టరుతో మాట్లాడాను. ఆకు పరీక్షకు పంపాలని కూడా అనుకున్నాను, మా పత్రికకు అంత ఓపిక లేదు. వార్త రాశాను. రాసిందంతా నేను చూసిందే. డెస్కులో శీర్షిక మార్చారు. నేను కాలువ గట్టు అని పెడితే, అచ్చులో 'మజ్దూర్ బస్తీల్లో విషపు ఆకుకూర' అని వచ్చింది. మొదటి పేజీలో నా పేరు రావడం అదే మొదటిసారి. శీర్షిక గురించి నేను నోరెత్తలేదు.

అవ్వను అడగలేదు. ఇంటివాళ్ల మాట వార్తలోకి రాకూడదని మాకు మొదటి వారంలోనే నేర్పారు. చుట్టాన్ని సాక్షిగా పెడితే వార్త చెడుతుందని. ఆ నియమం మంచిదే. కానీ వార్తలో రాయకుండా అడగొచ్చు కదా, ఇంట్లో, రొట్టె తింటూ. దానికి ఏ నియమం అడ్డం లేదు. ఆమె కాలువ గట్టునే అంటే ఏం చేయాలో నాకు తెలియదు, అందుకే అడగలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అంతవరకు నియమం పేరు చెప్పుకున్నాను.

పత్రిక వచ్చిన రోజు మా బావ ఇంటికొచ్చి, హిందీ వార్తను తెలుగులో అవ్వకు చదివి వినిపించాడు. బామ్మర్ది పేరు మొదటి పేజీలో వచ్చిందని ఆయన సంబరం. అవ్వ రొట్టె కొడుతోంది. చెయ్యి ఆగలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"నా పేరు గిట్ల రాసిండా?"

"లేదత్తా."

"మంచిగ జేసిండు."

మర్నాడు ఐదింటికి ఎప్పటిలాగే పోయింది. సంచి నింపుకుని వచ్చింది. నేల మీద పోసి, ఏరి, కడిగి, గుమ్మంలో చేట పెట్టుకుని కూచుంది. ఒక్కరు రాలేదు. ఎదురింటామె తలుపు సగం తెరిచి, మళ్లీ మూసుకుంది. ఏడు అయింది, నాయిన వచ్చాడు, "ఏందీ?" అన్నాడు, ఎవరూ ఏమీ అనకపోయినా. అవ్వ ఆ ఆకంతా మాకే వండింది. పెద్ద గిన్నెడు పప్పు. నాయిన తిన్నాడు. పుట్టింటికి వచ్చి ఉన్న అక్క తింది. నా పళ్లెంలో వడ్డించి ముందు పెట్టింది. డ్యూటీకి ఆలస్యమైందని లేచిపోయాను. ఆలస్యం ఏమీ కాలేదు, ఆఫీసు తెరవడానికి ఇంకా రెండు గంటలుంది.

ఆ తరవాత ఆమె పోలేదు. కోరా గుడ్డ సంచి కొన్నాళ్లు మేకుకు వేలాడింది, ఆపైన ఉల్లిగడ్డలు పోసుకోవడానికి పనికొచ్చింది. బజారులో గోబీ కొనడం మొదలుపెట్టింది. గల్లీలో కొత్తగా వచ్చినవాళ్లు ఆమెను రాజవ్వ అని పిలిచారు. నా మీద ఒక్క మాట అనలేదు. బతికినన్నాళ్లూ నా పత్రిక దాచిపెట్టేది, చదవడం రాకపోయినా. నేనూ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఎలెని బల్ల దగ్గర నాకు తట్టింది ఇదే. ఏ గట్టున మొలిచిందో, ఏ నీళ్లు తాగిందో ఒక్క ప్రశ్న వేయకుండా, ముక్కూ మొగమూ తెలియని ఆమె పెట్టిన ఆకు చివరి కాడ దాకా తిన్నాను. ప్రశ్న తిన్నాక వచ్చింది. మా అవ్వ విషయంలో ప్రశ్న ముందు వచ్చింది, అది కూడా ఆమెను అడగకుండానే. బస్సులోకి వచ్చాక మహారాజ్ నా కోసం తీసిపెట్టిన పూరీలు ఇచ్చాడు. చల్లారిపోయాయి. తినలేకపోయాను. హస్ముఖ్‌భాయ్ "గడ్డి అరగలేదు" అని అందరికీ చెప్పాడు.

ఇప్పుడు ఖటోదరాలో మా గల్లీ లేదు. ఖోలీలు పోయి గోదాములు వచ్చాయి, సాంచెలు ఊరి చివరకు పోయాయి, మేం నీళ్లు పట్టుకున్న కుళాయి చోట టెంపోలు నిలబెడతారు. అదే గంగవాయిలి మాల్‌లో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మీద కాగితం అంటించి అమ్ముతున్నారు, పులుపు సంగతి ఎవరికీ పట్టదు. ఆ కాగితం మీద పండించిన ఊరి పేరు ఉంటుంది. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పరాయి ఊళ్లో పండిన ఆకు చిరునామా నాకు తెలుసు. మా ఇంట్లో వండిన ఆకు చిరునామా తెలియదు.

అందుకే ఆ పళ్లెం పట్టుకుని డిండోలి పోయాను. సరోజ చాయ్ పెట్టింది. చాయ్ అయ్యాక అక్క తనంతట తానే మొదలుపెట్టింది.

"నేనొకపారి అవ్వ ఎంబడి పోయిన. ఉధ్నా పెద్ద రోడ్డు కాడ నన్ను నిలవెట్టింది. 'ఈడనే ఉండు బిడ్డా, కుక్కలుంటయ్' అన్నది. రోడ్డు దాటింది. ఇంకా చీకటే ఉండె. ఎటు మర్రిందో కనవడలె."

"పాండేసర వైపా?"

"కనవడలె అంటున్న గదరా. గప్పుడు ఈ డిండోలి అంత చేలే. జొన్నచేలు, చెరుకు చేలు. ఇటన్నా రావొచ్చు. అటన్నా పోవొచ్చు. ఐదుకు పోయెడిది, నాయిన ఏడింటికొచ్చే ఆళ్లకు ఆకు గడిగి పెడుతుండె. గంతే నాకెరుక."

"నువ్వు తర్వాత అడగలేదా?"

"అడిగిన. 'మొలిసిన కాడ' అన్నది." అక్క నవ్వింది, వెంటనే ఆపేసింది. "తమ్మీ, ఒక ముచ్చట జెప్పనా? గాడ్నే తెంపిందనుకో, కాలువ కాడనే. అయితేంది? మేం తిన్నం. నేను డెబ్బై దాటిన. ఏడ తెంపిందని అవ్వ బాధ పడలె. నువ్వు తినకుండ లేసిపోయినవ్ గదా, గా పళ్లెం శానసేపు గట్లనే ముందల పెట్టుకోని కూసున్నది. ఆఖరికి నేనే తీసి కడిగిన."

అక్క లేచి, నా పళ్లెంలో ఆకు పక్కకు తీసి, మీది టమాట, కీర ముక్కలు ఏరుకుని తింది. "పొద్దుగాల తెంపిన ఆకు దొరికితె తే. పప్పుల ఏసి వండుత. నీ నూనె నువ్వు ఇంటికి తీస్కపో," అంది. సరోజ మాత్రం ఆ సీసా వాసన చూసి, జుట్టుకు బాగుంటుందని ఉంచేసుకుంది.

కాలంతో లెక్క తేల్చవచ్చని నాకు అనిపించింది. ఐదింటికి బయలుదేరి, పోను రాను నడిచి, సంచి నింపి, గల్లీ ఆడవాళ్లు వచ్చే ఆరున్నరకల్లా తిరిగి రావాలి. ఏ వైపు దూరం ఆ గంటన్నరలో ఇమడకపోతే ఆ వైపు కొట్టేయొచ్చు. విలేకరి లెక్క. పోయిన వారం రెండు రోజులు తెల్లారగట్ల ఐదింటికి, మా ఖోలీ ఉండిన చోటి నుంచి, గోదాము గేటు ముందు నిలబడి గడియారం చూసుకుని బయలుదేరాను. మొదటి రోజు ఉధ్నా పెద్ద రోడ్డు దాటి పాండేసర వైపు తిరిగాను. ఆ కాలువ మీద ఇప్పుడు సిమెంటు పలకలు కప్పి ఉన్నాయి, కింద నీళ్లు ఏ రంగులో ఉన్నాయో కనబడదు. రెండో రోజు అదే రోడ్డు దాటి డిండోలి వైపు తిరిగాను. అక్క చెప్పిన చేలు మొదలైన చోట ఇప్పుడు వాళ్ల అపార్ట్‌మెంటు గేటు ఉంది. వాచ్‌మన్ నన్ను చూసి ఎవరింటికని అడిగాడు.

అవ్వ అప్పుడు నా కంటే చాలా వడిగా నడిచేది, అందుకే రెండు దారుల మధ్య తేడాయే నేను చూసుకున్నది. నా వయసు నడక, మధ్యలో సిగ్నళ్లు, ఆగి ఊపిరి తీసుకోవడం అన్నీ కలిపి, కాలువ దాకా నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. అపార్ట్‌మెంటు గేటు దాకా యాభై.